ఎండడానికి ఏడాది పట్టిన వేప

ఫిల్మ్ నగర్‌లో కొత్తగా కడుతున్న ఏదో ఆఫీసు ముందు ఆటో ఆగితే చాలు, తడి ప్లాస్టర్ వాసన ముక్కుకు తగిలి, దిగి నడిచిపోదామా అనిపిస్తుంది. అది మా నాన్న వాసన. ఏలూరు వైపు నుంచి వచ్చిన నాన్న సినిమా సెట్లకు ప్లాస్టర్‌తో స్తంభాలు, విగ్రహాలు, చెట్ల మొదళ్లు పోసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే చెవుల వెనక తెల్లటి పొడి, గోళ్ల సందుల్లో తెల్లటి పొడి, అమ్మ కలిపిపెట్టిన గోంగూర అన్నంలోనూ కాస్త ఆ పొడే.

మా సందు మొదట్లో ఒక వేపచెట్టు, దాని నీడలో యాదమ్మ ఇస్త్రీ బండి ఉండేవి. షూటింగులకు వెళ్లాల్సిన జరీ చీరలూ, పోలీసు చొక్కాలూ, రాజుల అంగీలూ ఒకే తాడు మీద వేలాడుతుంటే, వేడి బట్టల వాసనలో వాటి కిందనుంచి దూరుతూ మేం దొంగా పోలీసు ఆడేవాళ్లం. యాదమ్మ తిట్టేది, తిడుతూనే ఉడికించిన పల్లీలు పెట్టేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానాకాలంలో, నాన్న పోసిన చెట్టు మొదలు చూసి ఆర్ట్ డైరెక్టర్ "ఇది చెట్టా, కరెంటు స్తంభమా?" అన్నాడట. మర్నాటికల్లా సరిచేయకపోతే పని ఇంకొకరికి పోతుంది. నాన్న ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. పొద్దున్నే, యాదమ్మ రాకముందే, ఆయన ఉలి పట్టుకెళ్లి వేప బెరడు ఒలిచాను. వానలకు నాని ఉందేమో, అరటి బోదె పట్టలా ఊడి వచ్చేసింది. ఆ ఊడి రావడంలోని సరదాకు ఆగలేక, చేయి అందినంత మేర, చెట్టు చుట్టూ తిరిగి ఒలిచేశాను.

"ఎక్కడిదే ఇదంతా?" అన్నాడు నాన్న.

"రాలిపడింది నాన్నా."

ఆయన మళ్లీ అడగలేదు. ఆ బెరడుతో అచ్చు తీసి పోస్తే సెట్టులోని చెట్టు అచ్చంగా చెట్టులాగే వచ్చింది, నాన్న పని నిలిచింది.

యాదమ్మ ఆ గాయం చూసి లబోదిబోమంది. "ఏ పాపాత్ముడో గిట్ల తోలు ఒల్చిండు బిడ్డా," అంటూ ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తి, తడి గోనెపట్టా చుట్టింది. బడికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి తలెత్తి చూసేదాన్ని. ఆదివారాలు ఊరికే పదిసార్లు వెళ్లి చూసేదాన్ని. ఒక్క ఆకూ వాడలేదు. పైగా ఉగాదికి ఎన్నడూ లేనంత పూత పూసింది, సందంతా పచ్చడికి ఆ పువ్వే దులుపుకుంది. గండం గడిచిందనుకున్నాను.

మళ్లీ వానలొచ్చి అన్ని చెట్లూ చిగురిస్తుంటే, అది ఎండిపోయింది. కాలనీ పెద్దాయన వచ్చి గోనెపట్టా విప్పించాడు. "నీ బొగ్గుల సెగకే బెరడు ఊడి చచ్చింది. అది కనబడకుండా కట్టు కట్టావా?"

"లేదు సారూ, బతుకుతదని కట్టిన," అని యాదమ్మ మొత్తుకుంది.

నేను గేటు పట్టుకుని అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే నాన్న దొంగ అవుతాడని భయం. పక్కనే ఉన్న నాన్న వైపు చూశాను. ఆ బెరడు ఎక్కడిదో ఆయనకు ఏడాది కిందటే తెలుసు. తల వంచుకుని, చెప్పులేసుకుని, పనికి వెళ్లిపోయాడు. నీడా పోయి, పెద్దాయన అక్కడ బండి నిలపనివ్వకపోతే, ఆ వారమే యాదమ్మ బండిని ఎర్రగడ్డ వైపు తోసుకుపోయింది. ఆమెను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నేను సైన్సు టీచర్ని. వేళ్లు తాగిన నీరు లోపలి కర్రలోంచి పైకెక్కుతుందనీ, ఆకులు వండిన తిండి బెరడు వెంట కిందికి దిగుతుందనీ, చుట్టూతా బెరడు ఒలిస్తే పైన ఆకులు పచ్చగానే ఉంటాయి గానీ కింద వేళ్లు పస్తులుండి చస్తాయనీ ఏటా చెబుతాను. ఆ రోజు కుర్చీలో కూర్చోలేను, బోర్డుకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంటాను. మా సందులో ఇప్పుడు వేపా లేదు, ఇస్త్రీ బండీ లేదు, చొక్కాల కింద దూరే పిల్లలూ లేరు, కార్లు నిలిపే చోటొకటి ఉంది.

నిన్న పాఠంలో ఆ వేప సంగతి చెప్పాను. వెనక బెంచీ పిల్ల లేచి, "బెరడు ఎవరు ఒలిచారు టీచర్?" అని అడిగింది.

"ఎవరోనమ్మా," అన్నాను.