గుండ్రటి మచ్చలు ఆయనవి

మా కాక పోయాడు. మొన్న శుక్రవారం సౌదీలో, జిజాన్‌లో నేను బట్టలు ఉతుక్కుంటుంటే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, బాపు పోయిండే. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నడు, మళ్ల లేవలే" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చేతిలోని బకెట్టు గోడకేసి కొట్టాను. ఆయన బతికుండగా ఒక్కసారైనా జగిత్యాల వెళ్లి కాళ్లు మొక్కని వెధవని నేను. కోపం ఇంకెవరి మీద వస్తుంది?

కాక అన్నానే గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. రాబిగ్‌లో రిఫైనరీ పనుల క్యాంపులో కింది మంచం ఆయనది, పై మంచం నాది. ఆయన స్కాఫోల్డింగ్ మేస్త్రి. పైపులు మోసి మోసి నడుములు పట్టేసిన మాకందరికీ వైద్యుడు కూడా ఆయనే. ఆ విద్య ఒక చైనా వెల్డర్ దగ్గర నేర్చుకున్నాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి వీపు మీద ఒకరు చేసి చూపించుకునేవారట. ఆ వెల్డర్ దేశం వెళ్లిపోతూ ఆరు గాజు కప్పులు, ఒక పింగాణీ చెంచా ఈయన చేతిలో పెట్టి వెళ్లాడు.

స్పిరిట్‌లో ముంచిన దూది వెలిగించి, కప్పులో ఒక్క క్షణం తిప్పి తీసి, టప్పున వీపుకి అంటించేవాడు కాక. చర్మం కప్పులోకి ఉబ్బి లేచేది. తీశాక నేరేడుపండు రంగులో గుండ్రటి మచ్చ. ఒళ్లు వెచ్చబడితే నూనె రాసి, చెంచా అంచుతో మెడ నుంచి కిందికి గీకేవాడు. అబ్బో, ప్రాణం పోయేది! అరిస్తే నెత్తిన ఒకటి మొట్టి, "ఒర్లకురా! గింత నొప్పికే గిట్లయితే ఎట్ల?" అనేవాడు. చైనావాళ్లు కాల్చి సెగ పట్టే ఆకుచుట్టని మొదటిసారి వాసన చూసి, "అరె, గిది మన మాచిపత్రే గదరా, వినాయకునికి పెడ్తం" అని మురిసిపోయాడు. సూదుల జోలికి మాత్రం పోలేదు. "రాని పని జేస్తే వైద్యం గాదు, పొడుసుడు" అనేవాడు. ఆయన లేనప్పుడు ఒకడు చెడు నెత్తురు తీస్తానని బ్లేడు పట్టుకుని ఇంకొకడి వీపు మీద గాట్లు పెట్టబోయాడు. కాక వచ్చి, బ్లేడు లాక్కుని, వాడి చెంపలు రెండూ వాయించాడు. తర్వాత వాడికి తన పళ్లెంలోనే అన్నం కలిపి పెట్టాడు. మనిషి అలాంటివాడు.

ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాకత్ చట్టం దెబ్బకి మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. సౌదీలు తగినంతమంది లేరు కాబట్టి మా ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావన్నారు. ఆపైన తలకింతని లెవీ కట్టాలన్నారు. మీలో గల్ఫ్ చూసినవాళ్లకు తెలుసు, ఇకామా చెల్లనివాడు గేటు దాటితే పోలీసులు పట్టుకుంటారు. దాటకపోతే వాడు కంపెనీకి బానిస. "ఇకామా ఇచ్చేదాక పైకి ఎక్కం" అని ఆరుగురం గదిలో కూర్చున్నాం. కాక సైటు మీద ఉన్నాడు.

మా సూపర్‌వైజర్ మన దేశంవాడే. ఇద్దరిని వెంటేసుకుని తలుపు తన్ని లోపలికి వచ్చాడు. మొదటి దెబ్బ నా పక్కవాడి చెవి మీద పడింది, దిండంతా నెత్తురు. నేను మంచం కింద దూరబోతే కాలు పట్టి ఈడ్చి, పైపుతో వీపు మీద మూడు వేశాడు. మూడోదానికి ఊపిరి ఆడలేదు. "కోయీ పూఛా తో హిజామా బోల్, నహీ తో హురూబ్ డాల్‌దూంగా" అన్నాడు. హిజామా అంటే అరబ్బుల కప్పుల వైద్యం. అంతకు రెండు రోజుల ముందే కాక నాకు కప్పులు పెట్టాడు. ఎవరడిగినా ఆ మచ్చల్లో ఈ మచ్చలు కలిపేయమని బెదిరింపు. లేకపోతే పారిపోయానని రాసిస్తాడు, అదే హురూబ్. అది పడితే జైలు, ఆ తర్వాత విమానం.

సాయంత్రం కాక వచ్చి చూశాడు. "కప్పులు పెట్టు కాకా" అన్నాను. "దెబ్బ మీద కప్పు పెడ్తరారా పిచ్చోడా!" అని తడిగుడ్డ వేశాడు. వేసి, పెద్ద పానా తీసుకుని సూపర్‌వైజర్ గది మీదికి పోయాడు. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

మూడోనాడు లేబర్ ఆఫీసువాళ్లు తనిఖీకి వచ్చారు. కొట్టిన సంగతి ఎలా తెలిసిందో, నన్ను చొక్కా విప్పమన్నారు. సూపర్‌వైజర్ ఎదురుగానే ఉన్నాడు. "హిజామా సార్" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను! ఆ ఒక్క మాటతో కాకని ఇరికించాను.

కాకని పిలిపించారు. తర్జుమా చేసే హైదరాబాదు భాయ్ మెల్లగా అన్నాడు: "కాకా, సోంచాయించి చెప్పు. ఇవన్నీ నువ్వు జేసినవేనా? లైసెన్స్ లేకుండ వైద్యమంటే నీకు ముష్కిల్ అయితది."

కాక తడుముకోలేదు. "గుండ్రంగ ఉన్నయి నావి. పొడుగువి నావి గావు."

చెంచాతో గీకితే పొడుగు మచ్చలే పడతాయని సూపర్‌వైజర్ అందుకున్నాడు. కాక నన్ను వెనక్కి తిప్పి, వేలితో చూపించాడు. "చెంచా గీత కిందికి దిగుతది, ఎర్రగ చుక్కలు చుక్కలుగ. ఇది అడ్డం పడ్డది. నడుమ తెల్లగ, అటు ఇటు రెండు గీతలు. గిది పైపు. తెచ్చి ఆనిచ్చి చూడుండ్రి."

తెచ్చారు, ఆనించారు. సరిగ్గా సరిపోయింది.

మా ఆరుగురికీ వేరే కంపెనీకి మారే కాగితాలు వచ్చాయి. నోరు మూసుకుని ఉంటే కాకకీ వచ్చేవి. లైసెన్స్ లేని వైద్యం చేశానని తన నోటితోనే ఒప్పుకున్నాడు కాబట్టి ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్లారు. మళ్లీ రాకుండా వేలిముద్రలు వేయించుకుని పంపించేస్తామన్నారు.

పంపే రోజు ఆ హైదరాబాదు భాయ్ పోలీసుల చేతులు పట్టుకుని బతిమాలి, నన్ను ఒక్క నిమిషం చూడనిచ్చేలా చేశాడు. కాక కటకటాల వెనక ఉన్నాడు, చేతులకు బేడీలు. నేను భోరుమన్నాను. "ఒక్కటి గూడ నావి గావని ఎందుకనలే కాకా?"

"గుండ్రటివి గూడ నావి గావంటే, పొడుగువాటి ముచ్చట ఎవడు నమ్ముతడు? సగం అబద్ధం మీద నిజం నిలవడదురా. అటు మల్లి వీపు జూపియ్."

వెనక్కి తిరిగి చొక్కా ఎత్తాను. బేడీలు వేసి ఉండడంతో రెండు చేతులూ కలిపే ఊచల్లోంచి బయటపెట్టాడు. ఇనుము చల్లగా తగిలింది, వేళ్లు వెచ్చగా. దెబ్బ పక్కనుంచి మెల్లమెల్లగా నొక్కుకుంటూ వచ్చాడు. పోలీసు "యల్లా, యల్లా" అని అరుస్తున్నాడు. కాక వినలేదు.

"నొస్తుందా?"

"లే కాకా."

"మళ్ల అబద్ధం."

"నొస్తుంది కాకా" అన్నాను. "అద్గదీ" అన్నాడు. పోలీసు బేడీల గొలుసు పట్టి లాగుతున్నా, ఆ రెండు చేతులు నా వీపు మీదనే ఉన్నాయి.