ఫక్రుద్దీన్ చూడని రంగు

నగలకూ అత్తరు సీసాలకూ దీపాలమర్చే పనిలో ఫక్రుద్దీన్‌ని మించినవాడు సౌదీలోని అభా ఊళ్లో లేడు. ఈ మాట ఎవరో అనక్కర్లేదు, ఆయనే చెప్పుకునేవాడు. కడప వదిలి వచ్చినప్పటి నుంచీ అదే పని, అదే గొప్ప. అందుకే రెండు కళ్లలోనూ శుక్లాలు ముదురుతున్నా ఎవరి చెవినా వేయలేదు. చూపు మందగించిన మేస్త్రీకి ఇకామా, అదే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ చేయించేదెవరని ఆయన భయం.

ఆ నెల ఊళ్లోని ప్రదర్శనశాలకు కొరియా నుంచి సెలడాన్ అనే పాతకాలపు పచ్చ పింగాణీ వచ్చింది. అందులో ఒక కూజా ఎనిమిది వందల ఏళ్ల నాటిది. భుజాలు నిండుగా, నడుము సన్నగా, ఒంటినిండా మబ్బుల మధ్య ఎగిరే తెల్లకొంగలు. పచ్చిమట్టి మీద బొమ్మలు చెక్కి, ఆ గాట్లలో తెల్లమట్టీ నల్లమట్టీ నింపి, పైన గాజుపూత పూసి కాల్చారట. ఫక్రుద్దీన్ కంటికి మాత్రం అది చల్లారిన టీ రంగులో కనిపించింది. పాతదై మాసిపోయింది కాబోలనుకుని, నీలం పాలు ఎక్కువున్న దీపాలు బిగించాడు.

కింద నిచ్చెన పట్టుకున్న హెల్పరు, నిర్మల్ నుంచి వచ్చిన బుచ్చన్న, ఉండబట్టలేకపోయాడు. "గిదేంది భాయ్? ప్లాస్టిక్ బకీట్ లెక్క కొడ్తున్నది."

ఫక్రుద్దీన్ ముఖం మాడిపోయింది. కాసేపు బింకంగా నిలబడి, చివరికి దిగాడు. "నాకు రంగులు సరింగా కనపడటంల్యా. నువ్వే పెట్టబ్బా. ఎవురికీ చెప్పాకు."

బుచ్చన్న దీపాలు మార్చి, అలాగే నిలబడిపోయాడు.

"యెట్లుందబ్బా?"

"పచ్చగ గాదు, నీలం గాదు భాయ్. నారుమడిల నీళ్లు నిలిస్తె అండ్ల మొగులు కనవడ్తది సూడు, గట్లున్నది. కొంగలు నిజంగనే ఎగుర్తున్నయి."

ఫక్రుద్దీన్ కూజాను వదిలి బుచ్చన్న ముఖమే చూశాడు. ఇన్నేళ్లు ఇన్ని అందాలకు వెలుగు పెట్టి, దీని ఎదురుగా నిలబడీ చూడలేకపోతున్నానే అని ఏడుపొచ్చింది.

ఇంతలో పింగాణీ వెంట వచ్చిన కొరియా మేడమ్, ఫక్రుద్దీన్ కంపెనీ మేనేజరు వచ్చారు. ఆమె కూజాను చాలాసేపు చూసి, "రంగు ఉన్నదున్నట్టు పట్టారు. మీ కన్ను గొప్పది," అని ఫక్రుద్దీన్‌తో ఇంగ్లీషులో అంది. తలూపి ఊరుకుంటే గండం గడిచిపోయేదే.

"నా కన్ను కాదు మేడమ్, ఇతనిది," అన్నాడు ఫక్రుద్దీన్, వచ్చీరాని ఇంగ్లీషులో. "నా కళ్లలో శుక్లాలున్నాయి."

మేనేజరు ముఖం గంటు పెట్టుకున్నాడు. ఫక్రుద్దీన్ అటు చూడనైనా లేదు.

"ఈ కూజా ఇక్కడ ఎన్నాళ్లుంటుంది మేడమ్? ఆపరేషన్ చేయించుకుని వచ్చి చూడాలి."