వానను ఎవరూ తప్పుపట్టని కొండ

కళ్యాణదుర్గం దగ్గరి ఒక కొండ మీద నుంచి, మంచి వాన పడితే రెండే రోజులు నీళ్లు దూకుతాయని చిన్నప్పటి నుంచి వింటున్నాను. చూసింది లేదు. మా అనంతపురం వైపు అంత వాన పడితే కదా. ఈసారి విత్తనాల కాలం రాకముందే కుండపోతగా కురిసింది. మర్నాడు శనివారం, ఇక ఆగలేకపోయాను.

పొద్దున ఆరింటి బస్సెక్కి ఎనిమిదికల్లా కళ్యాణదుర్గంలో దిగాను. టికెట్ వంద లోపే. అక్కడి నుంచి కొండ కింది ఊరిదాకా షేర్ ఆటోలో ఇరవై ఐదు నిమిషాలు. దారి పొడుగునా నీళ్లు నిలిచిన చేలు చూస్తే కడుపు నిండింది. తడికి కొండ మీది రాతి గుండ్లు జారవు కదా అని ఆటో అన్నను అడిగాను. "ఏమప్పా, వానొస్తే భయపడతారా? వాన మంచిదే," అన్నాడు. ఇంకేం, దగ్గరి దారి కదా అని నేరుగా కొండ నీళ్లు పారే వంకలోకి నడిచాను.

మొదటి మలుపులో గొర్రెలు కాసే ఓబులేసు కనిపించాడు. యాభై దాటిన మనిషి. మందనంతా వంకకు దూరంగా, గడ్డిపోచైనా లేకుండా చదునుగా పరుచుకున్న పరుపుబండ మీద నిలబెట్టాడు. వంకలో మాత్రం అప్పుడే ఈనిన గొర్రె ఒకటి, లేవలేని పిల్లను వదిలి రాలేక అరుస్తోంది. దాని పైన ఇంటంత గుండు.

"పోయి తెద్దామా అన్నా?" అన్నాను.

"కూర్చోప్పా." కర్రతో గుండు మొదలు చూపించాడు. మట్టికీ రాయికీ మధ్య బెత్తెడు సందు, అందులోంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. "తేటగా వస్తే పోవచ్చు. ఎర్రగా వస్తాండాయంటే లోపల మన్ను కదుల్తాండాది."

"ఆటో అన్న భయం లేదన్నాడే?"

"అట్లే అంటారు. మా తమ్ముడు ఈ వంకలోనే పోయినాడు. ఊర్లో అడుగు, బండ పడి పోయినాడంటారు. వానకు పోయినాడని ఒక్కరూ అనరు. మొక్కి మొక్కి తెచ్చుకున్న వాననెట్లా అంటామప్పా?"

నేను ఆయన పక్కనే చతికిలబడ్డాను.

నీళ్లు తేటపడతాయేమోనని పన్నెండు దాకా కూర్చున్నాం. తన సద్దిలోని సంగటి, ఊరుబిండి పచ్చడి నాకూ పెట్టాడు. గొర్రె అరిచినప్పుడల్లా ఆయన నమలడం ఆపేవాడు. నీళ్ల రంగు మారలేదు. చివరికి వంకలోకి దిగకుండా పరుపుబండ మీదుగా చుట్టు తిరిగి, గుండుకు పక్కనున్న రాతి అంచు మీద బోర్లా పడుకున్నాడు. నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. కర్ర చివరనున్న వంపును పిల్ల పొట్ట కింద వేసి మెల్లగా లాగాడు. తల్లి దాని వెనకే ఎగబాకింది.

గుండు పడలేదు. ఆ రోజే పడుతుందని ఆయన కూడా అనలేదు. నీళ్లు దూకడం చూడకుండానే మూడింటి ఆటోకు దిగి వచ్చేశాను, బాధేమీ లేదు. తమ్ముణ్ని తీసుకుపోయిన వానను కూడా నిందించని మనిషితో ఒక పూట గడిపాను. "రాసుకో గానీ, వాన మీద చెడ్డగా రాయొద్దప్పా," అన్నాడు పంపిస్తూ. రాయలేదన్నా.

వాన వెలిశాక మీరూ ఈ కొండలకు వస్తే, ఊర్లో భయముందా అని అడక్కండి. "ఈ పొద్దు గొర్రెలను యాడ నిలబెట్టినారు?" అని అడగండి. దానికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్తారు.