ఒకే ఒక్క ఆప్షన్

ఒక విలేకరి సొంత చెల్లెలి ఇంజనీరింగ్ సీటును పట్టపగలు, నెట్ సెంటర్లో కూర్చుని ఎలా మాయం చేశాడో చెబుతాను. ఆ విలేకరి ఎవరని అడగకండి. కాశీబుగ్గలో అడిగితే ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు.

అప్పుడే పత్రికలో చేరాను. మెడలో గుర్తింపు కార్డు తీయకుండానే స్నానం చేసే రోజులు. చెల్లి లావణ్యకు మంచి ర్యాంకే వచ్చింది. ఎక్కడైనా సరే, కంప్యూటర్స్ చదవాలి, వీలైతే విశాఖలో అని దాని ఆశ. కౌన్సెలింగ్‌లో కావలసిన కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే బాధ్యత ఇంట్లో నాకు అప్పగించారు. కలెక్టరు సమావేశాలకు వెళ్లేవాడికి ఇదొక లెక్కా!

నెట్ సెంటర్ నడిపే స్నేహితుడు రమణ విశాఖ కాలేజీ పేరు నొక్కి ఆగాడు.

"తర్వాతేటి బావా? టెక్కలి పెట్టీమంతావా?"

"వద్దు. ఇదొక్కటే."

"ఒక్కటేనేటి అన్నియ్యా? రాకపోతే?" అంది పక్కనే కూర్చున్న లావణ్య.

"పిచ్చిదానా! పది పేర్లు పెడితే ఈ పిల్లకి ఎక్కడైనా పర్నేదనుకుంతారు. ఒక్కటే అడిగితే, గట్టిగా కావాలంతందని ఇచ్చీత్తారు."

"ఎవులనుకుంతారు? ఇచ్చీది కంప్యూటరే కదేటి?"

"కంప్యూటర్‌కి మాత్రం మర్యాద తెల్దా? రమణా, సేవ్ సేసీ!"

మొదటిది దక్కకపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది చూడటమే పాపం ఆ యంత్రం పని. నేను దానికి రెండోది లేకుండా చేశాను.

ఫలితాల రోజు తెర మీద ఒకే మాట: సీటు కేటాయించలేదు. లావణ్య కళ్లు నిండాయి. నా ముఖం నౌపడ ఉప్పు కుప్పలా తెల్లబడింది.

ఇంటికెళ్లగానే అమ్మ అడిగింది. "ఏటైనాదే?"

నేను నోరు తెరిచేలోగా లావణ్యే చెప్పేసింది. "ఆయేల నెట్టు పోనాదమ్మా. మిగతావి పెట్టనేకపోనాం. అన్నియ్య పాపం సానా సూసినాడు."

సీటు పోగొట్టినవాడి పరువు అది కాపాడింది. అమ్మ ఆ మాట పక్కింట్లో చెప్పింది. ఎవరెవరి నోట పడి తిరిగిందో, సాయంత్రానికి మా పత్రిక డెస్కు నుంచి ఫోను.

"ఏమయ్యా, మీ ఊళ్లో నెట్ ఆగి పిల్లలు సీట్లు పోగొట్టుకున్నారట! బాధితురాలి ఫొటోతో వార్త పంపు."

బాధితురాలు నా ఎదుటే పెరుగన్నం తింటోంది. సంగతి విని ముక్కు తుడుచుకుంది.

"రాసీ అన్నియ్యా. ఫొటోకి జడేసుకుంతాను."

అమ్మ దగ్గర చెల్లిన అబద్ధాన్ని అచ్చులో ఎలా పెట్టను? "నెట్ బాగానే ఉంది సార్. బాగాలేనిది నా బుర్ర" అని మొత్తం కక్కేశాను. అవతల నవ్వు ఎంతకీ ఆగలేదు. మర్నాడు జిల్లా పేజీలో బాక్సు కట్టి వేశారు: 'ఒకే ఆప్షన్‌తో సీటు గల్లంతు. కాశీబుగ్గలో ఓ అన్న నిర్వాకం'. పేరు వేయలేదు. అవసరమూ లేకపోయింది. టీ కొట్టువాడు గ్లాసు అందిస్తూ అడిగాడు: "ఈ టీ ఒక్కటే ఆప్షనా బావా?"

రెండో విడతలో లావణ్య నన్ను సెంటర్ బయట నిలబెట్టి, లోపల తనే జాబితా నింపుకుంది. టెక్కలిలో కంప్యూటర్స్ సీటు వచ్చింది. ఆ కబురు విని రోడ్డు మీదే ఏడ్చాను. అదేమో నా వీపు తట్టింది.

అక్కడికక్కడే కుడిచేయి చాచి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి పిల్లల ఆప్షన్లూ ముట్టను. ఇప్పుడు ఎవరొచ్చి అడిగినా మా చెల్లి దగ్గరికే పంపుతాను. అది వాళ్లను కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న ఒకటే:

"ముందు ఇది సెప్పండి. మా అన్నియ్యనేటీ అడగనేదు కదా?"