టర్బో విప్పిన పూట

ఆ వీధిలో ఆయనను పేరు పెట్టి పిలిచేవారు లేరు. అందరికీ ఆయన నిదానం మేస్త్రి. ముప్ఫైయేళ్లుగా మోటారు బండ్లు బాగుచేస్తున్నా ఒక్క బోల్టును తొందరపడి విప్పిన దాఖలా లేదు. బాగైన ప్రతి బండి కిందా ఒక పూట తెల్ల కాగితం పరచి ఉంచేవాడు; దానిమీద చుక్క నూనె మరక కనిపించినా బండిని కదలనిచ్చేవాడు కాదు. అందుకే, అవసరం ఉన్నా లేకున్నా, ప్రతి అతుకుకూ కాస్త ఎర్రటి గాస్కెట్ పేస్టు పూసి మరీ బిగించడం ఆయనకు అలవాటైపోయింది.

ఒకనాటి ఉదయం లాండ్రీ యజమాని తన వ్యానుకు తాడు కట్టించి షెడ్డుకు లాక్కొచ్చాడు. స్టీరింగు పట్టుకున్నవాడు ఆయన బావమరిది. రోజూ ఆ వ్యాను నడిపేదీ అతడే. ఎత్తు ఎక్కుతుండగా ఈలవేసినట్టు కూసి, గుప్పున నీలిపొగ కక్కి, బండి చతికిలబడిందట.

"టర్బో పోయింది మేస్త్రీ. కొత్తది తెచ్చాను, బిగించేయండి," అంటూ యజమాని అట్టపెట్టెను బల్లమీద పెట్టాడు. "అంతా మావాడి చలవ. కాలిపోతున్న ఇంజన్ని టక్కున ఆపేస్తాడు. రేపట్నుంచి వేరే డ్రైవరు వస్తాడు. వీడు కొట్లో కూర్చుని గుండీలు కుట్టుకుంటాడు."

"నేను కుడితే మీ చొక్కాకు గుండీలు నిలవవు బావా," అంటూ నవ్వాడు బావమరిది. కానీ ఆ నవ్వు పెదవి దాటి కళ్లదాకా రాలేదు. బండి నడపడం తప్ప మరో పని చేతకాని మనిషి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"రెండు నిమిషాలు ఆగాకే ఇంజన్ ఆపుతాను మేస్త్రి గారూ. మీరు చెప్పినట్టే."

"మీ అక్క మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నాను," అన్నాడు బావ.

మేస్త్రి అట్టపెట్టెను పక్కకు జరిపాడు. "కొత్తది బిగించడం ఎంతసేపు? పాతది ఎందుకు పోయిందో తెలియకుండా బిగిస్తే నెల తిరక్కుండా దీనికీ అదే గతి. కాసేపు కూర్చోండి."

"నేనిక్కడ కూర్చుంటే అక్కడ దుప్పట్లు ఎవరు పంచుతారు?"

"నెత్తిన పెట్టుకుని మీరే నడవండి బావా. పొట్ట తగ్గుతుంది."

ఇంజన్లోకి గాలిని నెట్టే ఆ టర్బోను మేస్త్రి విప్పి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాడు. గాలి పీల్చే చక్రం రెక్కలు చెక్కుచెదరలేదు. కనుక బయటినుండి రాయీ రప్పా పడలేదు. వేలితో కదిపితే మాత్రం నడిమి ఇరుసు వదులుపన్నులా ఊగింది. దాన్ని బయటికి తీశాడు. నీలంగా కమిలిపోయి ఉంది.

"నూనె అందక మాడింది."

"నేను చెప్పలేదూ? వేడిమీద ఆపితే మాడదా మరి?"

"అలా ఆపుతూ ఉంటే లోపల నూనె మాడి బొగ్గులా పేరుకుంటుంది. చూడండి, బొగ్గన్నది లేదు."

ఇంజన్లో నూనె చూశాడు. నిండుగా, శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది ఇంజన్ నుండి టర్బోకు నూనె చేరవేసే సన్నని గొట్టం. దాని కొనను సీసాలో పెట్టి, బావమరిదిచేత స్టార్టరు తిప్పించాడు. సీసాలోకి నూనె చుక్క చుక్కగా రాలింది. గొట్టం ఊడదీసి మళ్లీ తిప్పిస్తే, ఇంజన్ వైపు రంధ్రం నుండి ధారగా చిమ్మింది. అడ్డు గొట్టంలోనే ఉందన్నమాట.

సన్నని తీగ దూర్చి నెట్టగా పెసరగింజంత ముద్ద ఒకటి ఆయన అరచేతిలో పడింది. రబ్బరులా మెత్తగా, ఎర్రగా ఉంది.

మేస్త్రి దానిని చాలాసేపు చూశాడు. ఆరువారాల కిందట ఆ గొట్టం అతుకు దగ్గర నూనె చెమర్చితే సరిచేసింది తానే. కొత్త రాగి వాషర్లు వేస్తే సరిపోయేది. తన జాగ్రత్త కొద్దీ పేస్టు కూడా పూశాడు. బిగించినప్పుడు లోపలికి ఒత్తుకున్న ముద్ద ఎండి, ఊడి, నూనె దారి మూసేసింది.

"ఏమిటండీ అది? చెత్తా?" అని అడిగాడు యజమాని.

అవునంటే అక్కడితో తెగిపోయేది. ఎదురుగా ఉన్న ఇద్దరికీ ఆ ముద్ద ఏమిటో తెలియదు.

"నా పేస్టు," అన్నాడు మేస్త్రి. "పూయకూడని చోట పూశాను. మీ బావమరిది బండి నడపడంలో లోపం లేదు. కొత్త టర్బో ఖర్చు నాది."

యజమాని ఆ ముద్దను రెండు వేళ్లతో తీసుకుని నలిపి చూశాడు. కోప్పడబోయినవాడల్లా బావమరిది వైపు చూసి ఆగిపోయాడు.

"రేపు ఎన్నింటికి వస్తావురా?"

"రోజూ వచ్చే వేళకే."

"ఆ కొత్త డ్రైవరుకు ఫోన్ చేసి రావద్దని చెప్పు."

"పిలిచింది మీరు. మీరే చెప్పండి బావా."

యజమాని గొణుక్కుంటూ ఫోను తీసి గుమ్మం బయటికి నడిచాడు. మేస్త్రి కొత్త గొట్టం, కొత్త వాషర్లు తెచ్చి బల్లమీద పేర్చాడు. టర్బో ఉన్న బండ్లలో వేటివేటి గొట్టాలకు ఆ పేస్టు పూశాడో బావమరిదిచేత వరుసగా రాయించి, వాటినీ పిలిపించి చూడాలంటూ ఆ కాగితాన్ని గోడకు అంటించి, అప్పుడు స్పానరు చేతికి తీసుకున్నాడు.