ఆంటీ చదివి పంపిన డైలాగులు

నేను పుట్టి పెరిగింది ఇంగ్లండులో. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం నవ్వులపాలే. అలాంటిదాన్ని, ఐర్లండులో ఉండే ఒక తెలుగు తల్లి కథ సినిమాకి రాసి, ఆ తల్లి వేషం కూడా నేనే వేస్తానని బయల్దేరాను. నటనకీ రాతకీ అప్పటికే పేరొచ్చింది, ఇక నాకు రానిదేముందిలే అనుకునే రోజులవి.

రాసుకోవడానికి అక్కడి ఎన్నిస్ అనే ఊళ్లో ఒక ఆంటీ ఇంట్లో మూడు నెలలు పై గదిలో ఉన్నాను. గుంటూరు ఆవిడ, పక్కనున్న లిమరిక్ నగరంలో ఆసుపత్రి డాక్టరు. నా డైలాగులన్నీ ఆవిడ చదివి, ఫోన్లో రికార్డు చేసి పంపేది. కార్లో అవే వింటూ అచ్చం ఆవిడలా పలకడం నేర్చుకునేదాన్ని.

ఒక సాయంత్రం బెండకాయలు తరుగుతూ ఆంటీ ఒక సంగతి చెప్పింది. కూతురికి ఏడేళ్లప్పుడు, ఒకరోజు డ్యూటీ నుంచి తను నేరుగా స్కూలుకి వెళ్లిందట. ఈవిడెవరని ఎవరో పిల్ల అడిగితే, "మా ఆయా" అని చెప్పిందట కూతురు. ఆ మాట ఆంటీ చెవిన పడింది. పడనట్టే ఊరుకుంది. అంకుల్‌కి కూడా చెప్పలేదు.

"నేను విన్నానని దానికి తెలియదు. తెలిస్తే తట్టుకోలేదమ్మాయ్," అంది.

అయ్యో అంటూనే పైకి వెళ్లి, మర్చిపోకముందే రాసేశాను. తర్వాత మార్చేద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మార్చలేదు. పైగా ఆవిడ ఇంటి నుంచి వచ్చేశాక, షూటింగు దగ్గరపడిన హడావుడిలో, ఆ సీనున్న పేజీలు కూడా ఎప్పట్లాగే ఆవిడకే పంపాను, చదివిపెట్టమని.

రికార్డింగు వచ్చింది. స్కూలు గేటు సీను దగ్గర ఆంటీ ఆగింది. గొంతు సవరించుకుని, ఒక్క మాట వదలకుండా చివరిదాకా చదివింది.

"ఇక్కడ తల్లి ఏడ్చిందని రాశావు," అంది ఆ తర్వాత. "నేను ఏడవలేదమ్మా. దాని బ్యాగు తీసుకుని నాలుగడుగులు వెనకాల నడిచాను. ఆయాలు అట్లాగే కదా నడిచేది."

తల కొట్టేసినట్టయింది. అంత సిగ్గులోనూ నా చెయ్యి పెన్ను కోసం వెతికింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మర్నాడు ఎన్నిస్ వెళ్లి, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆవిడ ఆ సీను తీసెయ్యడం కుదురుతుందా అని మాత్రం అడిగింది. చూస్తానన్నాను. చూడలేదు. ఏడుపు తీసేసి, ఆవిడ చెప్పినట్టే బ్యాగు పట్టుకుని వెనకాల నడిచాను. సినిమాలో అందరూ మెచ్చుకున్నది ఆ నడకనే. నేనూ వినయంగా తలవంచి ఆ మెప్పంతా పుచ్చుకున్నాను.

సినిమా విడుదలైన వారానికి ఆంటీ కూతురు డబ్లిన్ నుంచి ఫోన్ చేసింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. తెలుగు అర్థమైనా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. స్కూలు సీను మా అమ్మ చెప్పిందా అని అడిగింది. లేదు, నేనే కల్పించానన్నాను. నటిని కదా, గొంతు వణకలేదు.



"ఆ రోజు అమ్మ నా బ్యాగు తీసుకుని వెనకాలే నడిచింది," అంది. "ఎంత పిలిచినా పక్కకి రాలేదు. ఎందుకు రాలేదో నాకిప్పుడు తెలిసింది."