దావూదు కోసం ఒక గంట

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి షాహీన్. అప్పట్లో ఫోను వాళ్లింట్లోనే ఉండేది. నేను ఆసుపత్రి నుంచి సీతాఫల్‌మండి ఇంటికొచ్చి, స్నానం చేసి అన్నం వారుస్తున్నాను. చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"వదినా, జల్ది నడువు. దావూద్ అన్నను మల్ల ఆపరేషన్‌కు తీస్కపోతున్నరంట. మీ పాస్టరు ఇంటికి సుత ఫోన్ కొట్టి చెప్పిన."

మా ఆయన పేరు డేవిడ్. రెండూ ఒకటే పేరు కదా అని షాహీన్ మొదటినుంచీ అలాగే పిలిచేది.

ముందే ఒక మాట చెప్పాలి. దయ్యాలున్నాయనీ, ఆత్మలు తిరుగుతాయనీ నేనెన్నడూ నమ్మలేదు. బడికి వెళ్లినదాన్ని కాదు, మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. దేవుడికి తప్ప దేనికీ భయపడొద్దన్నారు. ఇప్పటికీ అంతే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయనకు గుండెలో కవాటం మార్చి అప్పటికి నాలుగో రోజు. పొద్దున ఇడ్లీ కూడా తిన్నారు. మధ్యాహ్నానికి బీపీ పడిపోయింది. గుండె చుట్టూ రక్తం చేరి దాన్ని కొట్టుకోనివ్వడం లేదని, వెంటనే రొమ్ము మళ్లీ తెరవాలని డాక్టరుగారు చెప్పారు. బతుకుతారా అని అడిగితే నేను సంతకం పెట్టాల్సిన కాగితం వైపు చూశారు. నాకు అక్షరాలు వచ్చు. అయినా దాని మీద వేలిముద్రే వేశాను.

మూడింటికి లోపలికి తీసుకెళ్లారు. బయట బల్ల మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాను. "ప్రభువా" అని, అక్కడే ఆగిపోయాను. గోడ మీద పెచ్చులూడిన చోటునే చూస్తూ ఉన్నాను. షాహీన్ నా చెయ్యి వదల్లేదు.

ఆరు దాటాక బయటికి తెచ్చారు. రెండు రోజులు గొంతులో గొట్టం. అది తీశాక ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"ఎవరే ఆ ముసలామె? దావూదూ, దావూదూ అంటూ ఒకటే ఏడుపు. నేను డేవిడ్‌ని తల్లీ అందామంటే నోరు పెగల్లేదు. నడుమ పిల్లిని కూడా తిట్టింది."

"పిల్లినా?"

"పాలగిన్నె వదలవే దొంగముండా అంది. మళ్లీ క్షమించు తండ్రీ అని మొదలుపెట్టింది."

మత్తుమందు పని అనుకున్నాను. షాహీన్ పిలుపే కలలోకి వచ్చిందనుకున్నాను.

మా సంఘంలో గొలుసు ప్రార్థన చేస్తారు. కష్టంలో ఉన్నవాళ్ల పేరు చెబితే ఒక్కొక్కరు ఒక్కో గంట, ఎవరింట్లో వాళ్లు ప్రార్థిస్తారు. ఆయన కాస్త నడవగలిగాక అందరికీ కృతజ్ఞత చెబుదామని పాస్టరమ్మగారి దగ్గర ఆ జాబితా తీసుకున్నాను. డేవిడ్ అని లేదు. దావూదు అని ఉంది. షాహీన్ "దావూద్ అన్న" అంటే, ఆమె సొంత అన్న అనుకుని అలాగే రాసి కబురు పంపారట. మూడు నుంచి నాలుగు వరకు మౌలాలి రాహేలమ్మగారు. నడుము విరిగి మూడేళ్లుగా మంచం దిగని మనిషి. మేమెన్నడూ చూడలేదు.

ఆటోలో వెళ్లాం. గుమ్మంలో ఉండగానే లోపలినుంచి "ఎవరమ్మా?" అని వినిపించింది. మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. కుట్లు లాగుతున్నాయేమో అనుకున్నాను.

"ఆమే," అన్నారు.

సంఘం నుంచి వచ్చామని తప్ప నేనేమీ చెప్పకుండా, ఆ రోజు దావూదు కోసం చేసిన ప్రార్థన ఎలా సాగిందని అడిగాను. ఆమె సిగ్గుపడింది.

"ఏం చెప్పనమ్మా. ఎవరో సాయిబుల బిడ్డ అనుకుని ఏడ్చి ఏడ్చి అడిగాను. నడుమ పాడు పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టింది, నోరు జారాను. ఆ తప్పుకి నా మొర వినలేదేమోనని ఇన్నాళ్లూ కుమిలిపోతున్నా. బతికాడా దావూదు?"

మా ఆయన వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నారు.

డాక్టరుగారిని అడిగితే మత్తులో ఏవేవో వినిపిస్తాయమ్మా అన్నారు. వినిపిస్తాయి, సరే. మౌలాలిలో పిల్లి పాలు తాగిన సంగతి ఎలా వినిపించింది? నాకు తెలియదు. స్తోత్రం చెప్పుకోవడం ఒక్కటే తెలుసు.

మొన్న రాహేలమ్మగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. ఇది చదివినవాళ్లు ఈ పూట ఆమెను ప్రార్థనలో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.